తాళం తిప్పే చెయ్యి లేకుండా పాత డీజిల్

కెనడాలో పెట్రోల్ కారుకు రిమోట్ స్టార్టర్ పెట్టించుకోవడం పెద్ద విషయమేం కాదు. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సగటున మైనస్ 20 డిగ్రీలకు దిగుతాయి. ఇంట్లో కాఫీ కలుపుకుంటూ బటన్ నొక్కితే బయట కారు స్టార్టవుతుంది, మనం షూ వేసుకుని వెళ్లేసరికి అద్దాల మీద మంచు కరగడం మొదలవుతుంది. అక్కడ ఉంటున్న తెలుగువాళ్లకూ ఇది అలవాటైన సుఖమే. అదే రిమోట్ స్టార్టర్ పెట్టెను 2002 నాటి ఫోక్స్‌వాగన్ జెట్టా టీడీఐకో, 1980 నాటి మెర్సిడెస్ 240డీకో, అంటే పాత డీజిల్ కార్లకు, తగిలించమంటే మాత్రం మెకానిక్ కాస్త ఆలోచిస్తాడు. పాత డీజిల్‌ను స్టార్ట్ చేసేటప్పుడు డ్రైవర్ తాళం సగం తిప్పి ఆగుతాడు, లైటు ఆరేదాకా చూస్తాడు, సెల్ఫ్ కొట్టాక ఇంజన్ అందుకుందో లేదో చెవితో విని చెయ్యి వదులుతాడు. ఇదంతా తనకు తెలియకుండానే చేసేస్తాడు. ఆ అలవాటు మొత్తాన్ని ఇప్పుడు తీగలకు నేర్పాలి.

అసలు ఆగడం దేనికి? డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజన్ దగ్గర్నుంచి సూత్రం ఒక్కటే. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ తెలిసిందే, ఇక్కడ జరిగేదీ అదే. జెట్టాలోని 1.9 లీటర్ల ఇంజన్ గాలిని 19.5వ వంతు జాగాలోకి కుదిస్తుంది. వేడి ఎటూ పోదనుకుని లెక్కేస్తే, 30 డిగ్రీల గాలి నొక్కుడు చివరికి సుమారు 720 డిగ్రీలకు చేరాలి. మైనస్ 20లో ఉన్న గాలి అయితే 555 దగ్గర ఆగుతుంది.

డీజిల్ దానంతటది అంటుకోవడానికి 250 డిగ్రీల లోపే చాలంటారు కదా, మరి 555 సరిపోదా అనిపిస్తుంది. కాగితం మీద సరిపోతుంది. కానీ వేడి ఎటూ పోదనుకున్నామే, అక్కడే ఉంది తిరకాసు. ఇంజన్ 900 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 900 చుట్లు తిరుగుతున్నప్పుడు గాలిని నొక్కే అర చుట్టు సెకనులో ముప్పయ్యో వంతులో అయిపోతుంది. చలికి ఆయిల్ చిక్కబడి, బ్యాటరీ నీరసించి, సెల్ఫ్ మోటార్ 150 ఆర్‌పీఎం దగ్గర ఈడుస్తున్నప్పుడు అదే అర చుట్టుకు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ ఆరు రెట్ల వ్యవధిలో గాలి తన వేడిని గడ్డకట్టిన ఇనుప గోడలకు ఇచ్చేస్తుంది, కొంత గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది. బండి పాతదయ్యేకొద్దీ ఆ జారుడు ఎక్కువ. పైగా 250 అన్న అంకె ప్రయోగశాలలో ఇంధనానికి తీరిగ్గా సమయమిచ్చి కొలిచింది. ఇంజన్‌లో తుంపర ఆవిరై అంటుకోవడానికి ఉండేది కొన్ని మిల్లీసెకన్లే.

ఈ లోటు పూడ్చడానికే గ్లో ప్లగ్. మన దగ్గర మెకానిక్‌లు హీటర్ ప్లగ్ అంటారు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కోటి, బ్యాటరీ కరెంటుతో కొన్ని సెకన్లలో 850 డిగ్రీలు దాటి ఎర్రగా కాలుతుంది. దాని పక్కనుంచి వెళ్లే తుంపర అక్కడే అంటుకుంటుంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద వెలిగే స్ప్రింగు బొమ్మ లైటు దీని గుర్తే. అది ఆరకముందే సెల్ఫ్ కొడితే తెల్లటి పొగ, దగ్గు, వణుకు తప్ప ఇంకేం రాదు.

రిమోట్ స్టార్టర్ లోపల బ్రహ్మవిద్యేం లేదు. తాళం చేసే పనిని కొన్ని రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లతో చేస్తుందంతే. జర్మన్ బండ్లలో తీగలకు నంబర్లుంటాయి కాబట్టి పని ఇంకా తేలిక. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, 15 ఇగ్నిషన్‌ది, 50 సెల్ఫ్‌ది. పెట్టె ముందు 15కి కరెంటిచ్చి, తర్వాత 50కి ఇచ్చి, ఇంజన్ అందుకోగానే 50ని వదిలేయాలి. డీజిల్ విషయంలో 15కీ 50కీ మధ్య విరామం కావాలి. చాలా పెట్టెల్లో డీజిల్ సెట్టింగ్ ఉంటుంది. ఒక పద్ధతిలో విరామాన్ని 15 సెకన్లు లేదా 30 సెకన్లు అని స్థిరంగా పెట్టేస్తారు. రెండో పద్ధతిలో ఆ స్ప్రింగు లైటుకు వెళ్లే తీగనే పెట్టెకు కలుపుతారు, లైటు ఆరాకే సెల్ఫ్ తిరుగుతుంది. నా ఓటు రెండో దానికే. ఎంతసేపు కాల్చాలో ఇంజన్ వేడిని బట్టి బండే లెక్కేసుకుంటుంది, ఆ లెక్కను పక్కనపెట్టి గడియారం పెట్టడం దేనికి?

ఇంజన్ అందుకుందని పెట్టెకు తెలిసేదెలా అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. పెట్రోల్ కారులో స్పార్క్ ప్లగ్‌కు కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్ నుంచి వచ్చే స్పందనలు లెక్కపెడితే వేగం తెలిసిపోతుంది. డీజిల్‌కు కాయిల్ లేదు. అందుకని కొందరు బ్యాటరీ వోల్టేజీని చూసుకోమంటారు, ఇంజన్ తిరిగితే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుంది, వోల్టేజీ పెరుగుతుంది అన్న నమ్మకంతో. చలిలో ఇది నమ్మదగ్గది కాదు. ఇంజన్ అందుకున్నాక కూడా గ్లో ప్లగ్‌లు కాసేపు కాలుతూనే ఉంటాయి, నాలుగూ కలిసి పదుల ఆంపియర్లు లాగేస్తుంటే వోల్టేజీ పైకి లేవదు. ఇంజన్ ఇంకా రాలేదనుకుని పెట్టె తిరుగుతున్న ఇంజన్ మీదే సెల్ఫ్ కొడితే దాని గేరు పళ్లు అరిగిపోతాయి. చాలా ఆల్టర్నేటర్లకు డబ్ల్యూ అనే టెర్మినల్ ఒకటుంటుంది. డీజిల్ ట్రాక్టర్లలో ఆర్‌పీఎం మీటరుకు తీగ వచ్చేది దాన్నుంచే. అక్కడి ఏసీ కరెంటు ఫ్రీక్వెన్సీ ఇంజన్ వేగాన్ని బట్టి మారుతుంది కాబట్టి పెట్టెకు అదే చెవి అవుతుంది. అది లేకపోతే ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ తీగ వెతుక్కోవాలి.

జెట్టాకు మరో తాళం ఉంది. తాళంచెవిలోని చిప్‌ను గుర్తుపట్టకపోతే ఇంజన్ స్టార్టయి, ఒకటి రెండు సెకన్లకు ఆగిపోతుంది. ఇమ్మొబిలైజర్ అనే ఈ ఏర్పాటు సంగతి తెలియనివాళ్లు డీజిల్ రావడం లేదేమోనని పంపుల వెంట పడతారు. దీన్ని దాటడానికి స్పేర్ తాళంచెవిని ఒక చిన్న పెట్టెలో పెట్టి డ్యాష్‌బోర్డు వెనక దాచేవాళ్లున్నారు. రిమోట్ నొక్కినప్పుడు మాత్రమే దాని చుట్టూ ఉన్న తీగచుట్టకు కనెక్షన్ దొరుకుతుంది, మిగతా సమయంలో ఆ తాళంచెవి ఉన్నా లేనట్టే. అది ఎప్పుడూ కలిసే ఉండేలా కట్టేస్తే బండికి ఇమ్మొబిలైజర్ తీసేసినట్టే లెక్క.

240డీలో చిప్పులేం లేవు, కంప్యూటరూ లేదు. డబ్ల్యూ123 అనే ఆ తరం కార్లు 1980ల మధ్యదాకా తయారయ్యాయి, కొన్ని ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. ఇంత సాదా బండికి తీగలు కలపడం నిమిషాల పని అనుకుంటాం. కలిపి బటన్ నొక్కితే ఇంజన్ అందుకున్నట్టే అనిపించి ఆగిపోతుంది. కారణం తీగల్లో కనపడదు, ఎందుకంటే అది గాలి గొట్టాల్లో ఉంది. అందులో ఇంజన్‌ను ఆపేది కరెంటు కాదు, వాక్యూమ్, అంటే గొట్టంలోంచి గాలిని లాగేస్తే పుట్టే లాగుడు. ఇగ్నిషన్ స్విచ్ వెనక చిన్న వాల్వు ఉంటుంది. తాళం ఆఫ్‌కి తిప్పితే అది తెరుచుకుని, వాక్యూమ్‌ను ఇంజెక్షన్ పంపు దాకా పంపి ఇంధనాన్ని ఆపేస్తుంది. రిమోట్‌తో స్టార్ట్ చేసినప్పుడు తాళం ఆఫ్‌లోనే ఉంది కదా! ఇంజన్ తిరగడం మొదలవగానే దాని వాక్యూమ్ పంపు పనిచేస్తుంది, ఆ వాక్యూమే ఇంజన్ గొంతు నొక్కేస్తుంది. ఆ గొట్టం దారిలో కరెంటుతో పనిచేసే వాల్వు ఒకటి చేర్చి, దాన్ని పెట్టె చేతిలో పెడితేగాని పని జరగదు. డబ్ల్యూ123 తొలి ఏళ్ల బండ్లలో గ్లో ప్లగ్‌లు ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో ఉండేవి, ఒకటి కాలిపోతే మొత్తం చల్లారిపోయేవి. డ్రైవర్ అయితే లైటు వెలగనప్పుడే పసిగడతాడు. పెట్టెకు ఆ తెలివి లేదు, లెక్క ప్రకారం మూడుసార్లు సెల్ఫ్ కొట్టి బ్యాటరీని పిండేస్తుంది.

గేర్ల సంగతి కూడా చెప్పాలి, ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం. టీడీఐలు మాన్యువల్ గేర్లతో చాలా అమ్ముడయ్యాయి. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరిగే ఏర్పాటును రిమోట్ కోసం దాటేయాల్సి వస్తుంది. బండి గేర్లో ఉండగా ఎవరైనా బటన్ నొక్కితే సెల్ఫ్ బండిని ముందుకు తోస్తుంది. పెట్రోల్ ఇంజన్ అయితే చాలాసార్లు దగ్గి ఆగిపోతుంది. డీజిల్ నెమ్మది వేగంలోనూ బలంగా లాగుతుంది కాబట్టి మొదటి గేర్లో అలా పాకుతూ పోగలదు. మాన్యువల్‌కు చేసిన పెట్టెలు దీనికో పద్ధతి పెట్టాయి. ఇంజన్ నడుస్తుండగానే న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి తలుపు మూయాలి. అప్పుడు పెట్టె ఇంజన్‌ను ఆపుతుంది. ఆ తర్వాత తలుపు తెరిస్తే రిమోట్ పనిచేయదు. బానెట్ తెరిచి ఉంటే రిమోట్‌ను పనిచేయనివ్వని స్విచ్ దాని కింద పెట్టడం కూడా వదలకూడదు, లోపల చెయ్యి పెట్టినవాడి వేళ్లు దాని మీదే ఆధారపడతాయి. మూసిన గ్యారేజీలో అయితే రిమోట్ మాటే ఎత్తకూడదు.

ఇంత చేసినా దక్కేదెంత? డీజిల్ పొదుపు గుణమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ఐడిల్‌లో గంటకు అర లీటరు చుట్టుపక్కల తాగే ఇంజన్ దగ్గర వృథాగా పోయే వేడి చాలా తక్కువ. మైనస్ 20లో పావుగంట ఊరికే తిరిగినా హీటర్ నుంచి వెచ్చని గాలి వస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. అంతసేపూ చల్లటి సిలిండర్లలో సగం కాలిన ఇంధనం మసిగా మారుతుంటుంది. నన్నడిగితే పాత డీజిల్‌కు వేడి స్టార్ట్ చేశాక కాదు, ముందే అందాలి.

ఆ దారి ఎప్పుడో కనిపెట్టారు. ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇంజన్‌ను కరెంటుతో వేడిచేసే హీటర్‌కు 1949లో పేటెంటు తీసుకున్నాడు. దాని వారసులైన బ్లాక్ హీటర్ల కోసమే విన్నిపెగ్ పార్కింగ్ స్థలాల్లో ప్లగ్ పాయింట్లు కనిపిస్తాయి. కొన్ని వందల వాట్ల హీటర్‌ను బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు టైమర్‌తో వేస్తే చాలు, రాత్రంతా అక్కర్లేదు. ప్లగ్ దొరకనిచోట ట్యాంకులోని డీజిల్‌నే కొంచెం కాల్చి, ఇంజన్‌లో తిరిగే కూలెంట్ ద్రవాన్ని వేడిచేసే వెబాస్టో, ఎబర్‌స్పాకర్ హీటర్లున్నాయి. అనవసరంగా ఇంజన్ నడిపి ఉంచడాన్ని ట్రాఫిక్ చట్టమే ఒప్పుకోని జర్మనీలో రిమోట్ స్టార్టర్ కంటే ఇవే ఎక్కువ చెల్లాయి. ఖరీదు ఎక్కువే. కానీ వీటికీ రిమోట్ దొరుకుతుంది, బటన్ నొక్కితే ఇంజన్ కదలకుండానే కూలెంట్ వేడెక్కుతుంది, అద్దాలు కరుగుతాయి. ఇమ్మొబిలైజర్‌ను, వాక్యూమ్ గొట్టాలను, గేరును ముట్టుకునే పనే లేదు.