చిలపలో ఒక అందం, అల్లాక ఇంకో అందం

గొంగడి గుచ్చుకుంటుందని దాన్ని కప్పుకున్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వానని ఆపుతుంది, చలిని ఆపుతుంది, నేల మీద పరిస్తే పడకవుతుంది, మెడకి తగిలితే మాత్రం ఒకటే దురద. దక్కనీ గొర్రెదీ ఉన్నే, ఆస్ట్రేలియా మెరినో గొర్రెదీ ఉన్నే. రెండూ కెరటిన్ అనే ప్రోటీనుతోనే తయారయ్యాయి. అయినా మెరినో ఊలు ఉండ చేతికొస్తే చెంపకి ఆనించుకోకుండా ఉండలేం. ఈ తేడా చాలావరకు పోగు మందంలోనే ఉంది.

మిల్లీమీటరులో వెయ్యో వంతుని మైక్రాన్ అంటారు. మన తల వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. మంచి మెరినో 18, 19 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. లడఖ్‌లో చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద, 4,000 మీటర్లకి పైన పెరిగే మేకల నుంచి దువ్వి తీసే పష్మీనా ఇంకా సన్నం, 12 నుంచి 15 మైక్రాన్లు. బట్టలోంచి బయటికి పొడుచుకొచ్చిన పోగు కొన చర్మానికి ఆనినప్పుడు ఆ పోగైనా వంగాలి, లేదా చర్మాన్నైనా గుచ్చాలి. మందం రెట్టింపైతే పోగు బిరుసుతనం రెండు రెట్లు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. అందుకే 15 మైక్రాన్ల పోగు తగిలీ తగలగానే వంగిపోతుంది, 30 మైక్రాన్లది కొబ్బరి ఈనెలా నిలబడి పొడుస్తుంది. ఊలులో 30 మైక్రాన్లు దాటిన పోగులు నూటికి ఐదు ఉన్నా చాలు, పిల్లలు ఆ స్వెటర్ వేసుకోం అంటూ మారాం చేస్తారు.

ఇంకో చిక్కుంది. షాపులో ఊలుని వేళ్ళతో నిమిరి చూస్తే ఈ గుచ్చుకోవడం తెలియదు, ఎందుకంటే వేలి కొనల దగ్గర చర్మం మందం. అల్లిక బాగా అలవాటైనవాళ్ళు చిలపని, అంటే వలయంలా చుట్టిన ఊలు కట్టని, మెడకో, గడ్డం కిందకో ఆనించి చూసేది అందుకే. చూసేవాళ్ళకి కాస్త వింతగా ఉంటుంది, కానీ అంతకు మించిన పరీక్ష లేదు.

ఖరీదైన ఊలు అన్నిటికీ మంచిదనుకుంటే పొరపాటే. పోగు ఎంత సన్నంగా, పొట్టిగా ఉంటే అంత తేలిగ్గా దారంలోంచి బయటికి జరిగి, రాపిడికి చిన్న చిన్న ఉండలు కడుతుంది. పష్మీనా లాంటి మేక ఉన్నితో అల్లే కాష్మీర్ స్వెటర్ మోచేతుల దగ్గర ఉండలు కట్టడం నాసిరకానికి గుర్తేమీ కాదు, ఆ మెత్తదనంతో పాటు వచ్చేదే. సాక్సుల ఊలులో నాలుగో వంతు నైలాన్ కలిపేది కూడా అందుకే. నన్నడిగితే ఖరీదైన ఊలు మెడకి చుట్టుకునేవాటికే వాడాలి, పాదాలకి దండగ.

ఇక రంగులు. నా లెక్కలో అసలు సరదా ఇక్కడే ఉంది. ఉన్నికి రంగు వేయడం వంటింట్లో పని లాంటిదే. గిన్నెలో నీళ్ళు, అందులో కాస్త వెనిగర్, చిటికెడు రంగు పొడి, తడిపిన చిలప. పులుపు తగలగానే ఉన్ని ప్రోటీనులోని అమైన్ అనే రసాయన గుంపులు ధనావేశం పొందుతాయి. రంగు అణువులది ఋణావేశం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నీళ్ళు మరుగు దగ్గరికి వచ్చేసరికి పోగు ఉబ్బి రంగుని లోపలికి రానిస్తుంది. కాసేపటికి గిన్నెలో నీళ్ళు తేటపడతాయి, రంగంతా ఊలుకి ఎక్కేస్తుంది. మొదటిసారి చూసేవాళ్ళు గిన్నెలోకి రెండోసారి తొంగి చూడాల్సిందే. పట్టు కూడా ప్రోటీనే కాబట్టి అదీ ఇలాగే రంగు పట్టుకుంటుంది. పైగా పట్టుపోగు అడ్డుకోత ఇంచుమించు త్రికోణంగా ఉండి వెలుగుని తిప్పి కొడుతుంది, అందుకే మెరినోలో పట్టు కలిపిన ఊలుకి ఆ నిగారింపు. నూలు ప్రోటీన్ కాదు, ఈ రంగు దానికి అంటదు.

చేత్తో రంగు వేసేటప్పుడు పులుపు ఎక్కువైనా, వేడి ఒక్కసారిగా పెరిగినా రంగు మొదట తగిలినచోటే గబుక్కున పట్టేస్తుంది. మిల్లులో అది లోపం. చేతిరంగు ఊలుకి మాత్రం అదే అందం, ఒకే నీలంలో పది నీలాలు కనిపిస్తాయి. 1968లో మొదలైన ఉరుగ్వే మహిళా సహకార సంస్థ మానోస్ దెల్ ఉరుగ్వే, చిలప చీటీ మీద దాన్ని తయారుచేసినావిడ సంతకం పెట్టి అమ్ముతుంది. ఒకే గిన్నెలోంచి వచ్చిన రెండు చిలపలు కూడా అచ్చం ఒకేలా ఉండవు. స్వెటర్ అల్లేటప్పుడు రెండు వరుసలు ఒక చిలపతో, రెండు వరుసలు ఇంకో చిలపతో వేస్తే ఆ తేడా కలిసిపోతుంది.

ఊలు రంగులతో ఇబ్బంది పడిన పెద్ద శాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు. 1824లో పారిస్‌లోని గోబెలిన్ టేపెస్ట్రీ (బొమ్మలు నేసిన గోడ వస్త్రాల) కార్ఖానాలో రంగుల విభాగానికి అధిపతిగా చేరిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్‌కి నల్ల ఊలు వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే రంగులో ఏ దోషమూ లేదు. ఆ నలుపు నీలం పక్కనా, ఊదా పక్కనా ఉండటం వల్ల కంటికే అలా ఆనింది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో చెబుతూ ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. అల్లేవాళ్ళకి ఇది రోజూ ఎదురయ్యేదే. ఎరుపు, ఆకుపచ్చ చిలపలో పక్కపక్కన ధగధగలాడతాయి. అవే చిన్న చిన్న చుక్కలుగా అల్లికలో కలిస్తే నాలుగడుగుల దూరం నుంచి బురద రంగే.

చిలపలో ఉన్న అందం అల్లాక ఎందుకు మారిపోతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. రంగులవాళ్ళు చిలపని పెద్ద వలయంలా పరిచి ఒకచోట ఎరుపు, ఒకచోట పసుపు, ఒకచోట నీలం పోస్తారు. వలయం చుట్టుకొలత 150 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే దారం పొడవునా ప్రతి 150 సెంటీమీటర్లకీ అదే రంగు మళ్ళీ వస్తుంది. సన్న ఊలుతో ఒక్కో లూపుకి సుమారు సెంటీమీటరు దారం పడుతుంది. టోపీని గుండ్రంగా 150 లూపులతో అల్లితే ప్రతి చుట్టులోనూ ఎరుపు మీద ఎరుపే, పసుపు మీద పసుపే పడి, నిలువు పట్టీలు నిలబడతాయి. రెండు లూపులు తగ్గించి 148తో అల్లండి. ప్రతి చుట్టుకీ రంగు రెండు లూపులు పక్కకి జరిగి, టోపీ చుట్టూ ఏటవాలుగా మెలికలు తిరుగుతుంది. సరిగ్గా 75 చుట్లు అయ్యాక మళ్ళీ మొదటి చోటికి వస్తుంది. అదే మఫ్లర్ అనుకోండి, వరుస చివర వెనక్కి తిరిగి అల్లాలి కాబట్టి రంగులు అటూ ఇటూ ఊగుతూ డైమండ్లు కడతాయి. చేతి బిగువు మారినా లెక్క మారుతుంది. టెన్షన్‌గా ఉన్నరోజు లూపులు బిగుసుకుంటాయి, డైమండ్ ఒక పక్కకి ఒరిగిపోతుంది.

దారానికి ముందే రంగు వేసి, అది బట్టలో ఎక్కడ పడాలో లెక్కగట్టడం మనకి కొత్తేమీ కాదు. పోచంపల్లి ఇక్కత్ చేసేది ఇదే. పేక పోగుని అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల మీదుగా అటూ ఇటూ తిప్పుతూ చీర పన్నాకి సరిపడా కొలత తీస్తారు, దాన్నే ఆసు పోయడం అంటారు. ఆ తరువాతే కట్లు కట్టి రంగులో ముంచుతారు. చేత్తో ఆసు పోస్తే భుజాలు పడిపోతాయి. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఇక్కత్‌లో బొమ్మ ముందే మనసులో ఉంటుంది, దారం దానికి లొంగాలి. రంగురంగుల ఊలు అల్లేవాళ్ళు మాత్రం బొమ్మని దారానికే వదిలేసి, ఏం వస్తుందో చూద్దామని కూర్చుంటారు. పనితనంలో రెండిటికీ పోలికే లేదు, ఇక్కత్‌దే పైచేయి. కుతూహలం మాత్రం అల్లికలోనే ఎక్కువ.

మగ్గం బట్టకి లేని గుణం అల్లికకి ఇంకొకటి ఉంది, సాగడం. దారం పెద్దగా సాగదు, లూపు ఆకారం మాత్రం మారుతుంది. మనం వేసుకునే నూలు బనీను సాగేది కూడా ఇందుకే, అదీ మిషన్ మీద అల్లినదే. లూపుని వెనక నుంచి ముందుకి లాగితే నిట్, ముందు నుంచి వెనక్కి లాగితే పర్ల్. ఈ రెండిటినీ పేర్చే తీరుని బట్టి ఒకే దారం బిగుతు బట్టా అవుతుంది, రబ్బరులా సాగే బట్టా అవుతుంది. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో ఎలిసబెట్టా మాట్సుమోటో అనే భౌతిక శాస్త్రవేత్త బృందం 2024లో నాలుగు మామూలు అల్లికలని సాగదీసి, కొలిచి, ఏ లూపు అమరిక ఎంత సాగుతుందో లెక్కలతో చూపించింది.

మన ఊళ్ళ ఎండలకి ఇంత ఊలు ఎందుకని అడగొచ్చు. లంబసింగిలోనో, ఆదిలాబాద్‌లోనో తప్ప స్వెటర్ బయటికి తీసే రోజులు తక్కువే. కానీ వేళ్ళ సరదాకి చలితో పనేముంది?

పైగా డబ్బు పోసి కొన్న ఊలు ఒక్కసారికే అయిపోదు. అల్లికంతా ఒకే దారం కాబట్టి కొస పట్టుకుని లాగితే వరుస వెంట వరుస ఊడి వస్తుంది. ఊడిన ఊలు వంకరటింకరగా ఉంటుంది, ఎందుకంటే కెరటిన్ గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఆ లూపుల ఆకారంలోనే కుదురుకుని ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెడితే నీరు ఆ బంధాలని విడదీస్తుంది. పిండకుండా, మెలితిప్పకుండా తువ్వాల్లో అద్ది, నీడన వేలాడదీస్తే ఆరేసరికి వంకర్లు చాలావరకు పోతాయి. మళ్ళీ ఉండ చుట్టుకుని, 148 లూపుల టోపీ నచ్చకపోతే ఈసారి 120తో మొదలుపెట్టొచ్చు.