చిక్కదనం తెచ్చిన చిక్కు: బయోడీజిల్ స్ప్రే వెనుక కథ

1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. ఎంత సాఫీగా నడిచిందంటే, లోపల ఉన్నది నూనె అని చాలామందికి తెలియనే లేదని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత చెప్పుకున్నాడు. అంత చిక్కటి నూనె అంత సులువుగా ఎలా మండింది? అప్పటి ఇంజిన్లకు కంప్రెసర్ ఉండేది. బాగా కుదించిన గాలి ఇంధనాన్ని చీల్చి సిలిండర్‌లోకి ఊదేది. కష్టమంతా గాలిదే.

ఆ బరువైన కంప్రెసర్‌ను 1920ల్లో వదిలించుకున్నారు. 1927లో బాష్ ఇంజెక్షన్ పంపులు తయారవడం మొదలయ్యాక, పంపు ఒత్తిడితోనే ఇంధనాన్ని సన్నటి రంధ్రాల్లోంచి చిమ్మడం మామూలైపోయింది. ఆ రంధ్రాలుండే మూతులను, అంటే నాజిళ్లను, పల్చటి పెట్రోలియం డీజిల్‌కు సరిపోయేలా చేసుకున్నారు. నన్నడిగితే నూనెకు కష్టాలు మొదలైంది ఇక్కడే.

40 డిగ్రీల సెల్సియస్ దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) ఉంటే, మామూలు నూనెలది 30 దాటుతుంది. నాజిల్ ఉండే ఇంజెక్టర్‌ను బయటపెట్టి చేతిపంపుతో కొట్టి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. డీజిల్ మంచులా విచ్చుకుంటుంది, నూనె దారంలా దూసుకుపోతుంది. ఇంజిన్‌లో ఆ ధార పిస్టన్‌కో గోడకో తగిలి సగమే కాలుతుంది. నాజిల్ మూతి దగ్గర మసి గడ్డకడుతుంది.

బెల్జియంలో షవాన్ అనే శాస్త్రవేత్త ఇంజిన్ జోలికి పోకుండా నూనెనే మార్చాడు. పామాయిల్‌ను ఆల్కహాల్‌తో కలిపి ఎస్టర్ అనే పల్చటి పదార్థంగా మార్చి 1937లో పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్, లూవెన్ మధ్య ఒక బస్సు ఆ ఇంధనంతో తిరిగింది. నూనె అణువులోని గ్లిజరిన్ విడిపోయేసరికి చిక్కదనం దాదాపు పదో వంతుకు దిగింది. ఇప్పటి బయోడీజిల్ అదే దారిలో పుట్టింది.

అయినా అది డీజిల్‌కు కవల కాదు. యూరప్ ప్రమాణాల ప్రకారం దాని చిక్కదనం 3.5 నుంచి 5 దాకా ఉండొచ్చు. సాంద్రత, తలతన్యత (ద్రవం ఉపరితలాన్ని బిగబట్టి ఉంచే గుణం) కూడా కాస్త ఎక్కువే. ధారను గాలి చెదరగొట్టబోతే తలతన్యత బిందువును పట్టి ఉంచుతుంది, చిక్కదనం ఆ చీలికను ఆలస్యం చేస్తుంది. దాంతో బిందువులు కొంచెం పెద్దవవుతాయి, స్ప్రే సన్నగా, పొడవుగా సాగుతుంది. ఆవిరి కావడానికీ ఎక్కువ వేడి కావాలి. అలాగని పొగ పెరగదు, మామూలుగా తగ్గుతుంది కూడా. అణువులోనే ఉన్న సుమారు 11 శాతం ఆక్సిజన్ కాపాడుతుంది.

పాత పంపుల్లో ఇంకో తమాషా జరిగేది. బయోడీజిల్ అంత తేలిగ్గా కుదించుకుపోదు కాబట్టి పీడన తరంగం పైపులో వేగంగా వెళ్లి నాజిల్ సూదిని ముందే లేపేది. ఇంజెక్షన్ టైమింగ్ ముందుకు జరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగడానికి ఇదొక కారణమైంది. 1990ల చివర్లో కార్లకు కామన్ రైల్ (ఇంధనాన్ని ముందే ఒత్తిడితో ఒక గొట్టంలో నిల్వ ఉంచి, విద్యుత్ సంకేతంతో చిమ్మించే పద్ధతి) వచ్చాక ఈ గొడవ చాలావరకు సద్దుమణిగింది. ఇప్పటి 2,000 బార్ ఒత్తిడి దగ్గర బిందువుల తేడా కూడా తగ్గింది. చలిలో స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం మళ్లీ తెలుస్తుంది.

అదే కొత్త ఇంజిన్లు వేరే టెన్షన్ తెచ్చాయి. పొగ ఫిల్టర్‌ను శుభ్రం చేయడానికి కొన్నింటిలో మంట అయిపోయాక మరికాస్త ఇంధనం చిమ్ముతారు. అప్పటికి సిలిండర్ చల్లబడి ఉంటుంది. ఆలస్యంగా ఆవిరయ్యే బయోడీజిల్ గోడకు అంటి ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది. డీజిల్ తర్వాత ఆవిరైపోవచ్చు గానీ, ఇది అక్కడే ఉండిపోతుంది.