మిల్క్ ఈపీడీ ఎక్కువుంటే మంచి ఆబోతేనా? అపోహలు – వాస్తవాలు

మాంసపు జాతుల మందలకు ఆబోతుల్ని ఎంపిక చేసిపెట్టడం నా పని. కేటలాగ్ చేతికి రాగానే చాలామంది వేలు ఈపీడీల్లో (ఆబోతు సంతానంలో కనిపించే తేడాకు ముందే వేసే అంచనాల్లో) ‘మిల్క్’ అన్న గడి మీదకే పోతుంది. అందులో పెద్ద అంకె ఉన్నదానికి టిక్ పెట్టేసి, "దీని పెయ్యల్ని మందలోనే ఉంచుకుంటాం, పాలు బాగా ఉండాలి కదా" అంటారు. ఈ ఒక్క ఆలోచన వల్ల పోయేంత డబ్బు మిగతా అపోహలన్నీ కలిపినా పోదు. అందుకే ఎక్కువసేపు దీని గురించే చెప్తాను.

అపోహ: పాల అంకె ఎంత ఎక్కువుంటే అంత లాభం.

వాస్తవం: అసలు ఆ అంకె పాల కొలతే కాదు. ఆ ఆబోతు కూతుళ్లకు పుట్టే దూడలు, కేవలం తల్లి పాల వల్ల, తల్లి సాకిన తీరు వల్ల, పాలు మాన్పించేనాటికి (205 రోజులకు సవరించిన బరువులో) ఎంత తేడా చూపిస్తాయో చెప్పే అంచనా అది. ఒకదానికి 30, అదే జాతిలో ఇంకోదానికి 20 ఉందనుకోండి, మొదటిదాని కూతుళ్ల దూడలు సగటున 10 పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు ఎక్కువ తూగాలి. ఆ నాలుగున్నర కిలోలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మీ మేత నుంచి, ఆ తల్లి ఒంట్లోంచి.

ఆవు తిన్నది ముందు తన ఒంటిని నిలబెట్టుకోడానికి, ఎదిగే వయసైతే ఎదుగుదలకు, ఆ తర్వాత పాలకు పోతుంది. మళ్లీ ఎదకు రావడం, కట్టు నిలవడం అనేవి వరుసలో చిట్టచివర. పైగా బాగా పాలిచ్చే రకాలకు కాలేయం, పేగులు లాంటివి పెద్దగా ఉండి, అవి ఒట్టిపోయి ఉన్న రోజుల్లో కూడా మేత ఖర్చు ఎక్కువే. ఇప్పుడు రెండేళ్ల తొలిచూలు పెయ్య సంగతి చూడండి. దానికింకా పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తుంటాయి, ఒళ్లు ఎదుగుతుంటుంది, పొదుగు కింద దూడ ఉంటుంది. చూడి కాలం సుమారు 283 రోజులు, కాబట్టి ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 82 రోజుల్లోపు మళ్లీ చూలు నిలవాలి. పాలు పతాక స్థాయికి చేరేది ఈనిన రెండు నెలలకు అటూఇటూగా. అంటే మనం దాన్ని ఎదకు రమ్మని చూసే రోజుల్లోనే పాలు దాన్ని ఎక్కువగా పీల్చేస్తుంటాయి.

ఒక మందలో తొలిచూలు ఆవులకు చూడి పరీక్ష చేస్తే చాలావరకు ఖాళీగా తేలాయి. యజమానికి నిద్ర లేదు. ఏదో అంటురోగం వచ్చిందని, మందలో వదిలిన ఆబోతు పనికిరాదని, ఖనిజ లవణాలు సరిపోలేదని తలా ఒక మాట చెప్పి ఆ మనిషిని ఇంకా టెన్షన్ పెట్టారు. రక్త పరీక్షల్లో ఏమీ దొరకలేదు, ఆబోతు వీర్యమూ బాగానే ఉంది. నేను వెళ్లి పశువుల్ని చూశాను. దూడలు నిగనిగలాడుతున్నాయి, పొదుగును తలతో పొడుస్తూ మూతి నిండా నురగతో తాగుతున్నాయి. తల్లులకు మాత్రం పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. వంశావళి తీయిస్తే దాదాపు అన్నీ ఒకే ఆబోతు కూతుళ్లు, దాని మిల్క్ అంకె ఆ జాతిలో పైవరుసలో ఉంది. మేత చూస్తే ఓ మాదిరి పొడిమేత. ఇందులో ఆయన నిర్లక్ష్యం ఏమీ లేదు, ఎవరో ‘పాలు ఎక్కువున్నదే తీసుకో’ అన్నారు, తీసుకున్నాడు. నాలుగున్నర కిలోల కోసం ఏడాది దూడే పోయింది.

అలాగని పాలు అక్కర్లేదని కాదు. మరీ తక్కువైతే దూడ గిడసబారుతుంది. పచ్చిమేత, దాణా దండిగా ఉన్నచోట ఎక్కువ అంకె గిట్టుబాటు కావచ్చు. మేత అంతంతమాత్రమైతే జాతి సగటు దగ్గర ఆగండి, ఇంకొంచెం తక్కువైనా నష్టం లేదు. ముందు మీ మేత, తర్వాతే కేటలాగ్.

ఇక మిగతావి.

‘ఈ ఆబోతును దింపితే వచ్చే ఏడాది దూడలు బరువెక్కుతాయి’: మిల్క్ అంకె వల్ల అయితే ఎక్కవు. దాని ఫలితం కనిపించేది కూతుళ్ల దూడల్లో. తొమ్మిది నెలల చూడి, పెయ్య ఈనడానికి రెండేళ్లు, దాని దూడకు ఏడు నెలలు కలిపితే 40 నెలలు. దూడలన్నీ అమ్మేసే మందైతే ఆ గడివైపు చూడనే వద్దు.

‘అంగస్‌కు 30, సిమెంటల్‌కు 25, కాబట్టి అంగసే మేలు’: వేర్వేరు జాతుల అంకెల్ని అలా నేరుగా పోల్చకూడదు. ఒక్కో జాతికి లెక్క మొదలయ్యే చోటు వేరు.

‘వెనక భాగంలో వెంట్రుకల సుడి చూస్తే పాలు చెప్పొచ్చు’: 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో గెనాన్ అనే ఆయన చెప్పిన మాట ఇది. తర్వాత పరీక్షలకు నిలవలేదు. ఇంకా ఎందుకు తిరుగుతోందో తెలియదు, వదిలేయండి.

‘ఆబోతు చిన్నప్పుడు బాగా తూగింది, తల్లికి పాలున్నట్టే, దీని కూతుళ్లకూ ఉంటాయి’: ఆ బరువులో దాని సొంత ఎదుగుదలా, తల్లి పాలూ కలిసిపోయి ఉంటాయి. ఆ రెండింటినీ విడదీయడానికే కదా ఈపీడీ లెక్క! పాల గుణం వారసత్వంగా వచ్చే వంతు కూడా తక్కువే, కాబట్టి అంకె పక్కనున్న ఆక్యురసీ (ఆ అంచనాను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేది) చూడకుండా కుర్ర ఆబోతు మీద పందెం కాయొద్దు.

‘ఉంచుకునే పెయ్యలకు దాణా దట్టించాలి’: పాలు మాన్పించకముందు, ఎదకు రాకముందు మరీ మేపితే పొదుగులో కొవ్వు పేరుకుని, రేపు పాలు తగ్గుతాయి. జన్యువులు మంచివైనా సరే.

ఒకటి మాత్రం తప్పక అడగండి: ఆబోతు తల్లి పొదుగు ఎలా ఉంది? జారిన పొదుగు, సీసాల్లా ఉబ్బిన చన్నులు కూతుళ్లకు వస్తాయి, అప్పుడే పుట్టిన దూడ ఆ చన్ను నోట పట్టలేదు.

ఇప్పటికే ఎక్కువ పాల కూతుళ్లు మందలో ఉన్నాయని కంగారు పడుతున్నారా? వాటిని అమ్మేయక్కర్లేదు. తొలిచూలువాటిని పెద్ద ఆవుల నుంచి వేరుచేయండి, కలిసి ఉంటే మేత దగ్గర నెట్టేస్తాయి. ఈనేనాటికి దేహస్థితి (ఒంటి మీది కొవ్వును బట్టి 1 నుంచి 9 వరకు వేసే మార్కు) 6 ఉండేలా చూడి చివరి మూడు నెలలు మేపండి. ఈనిన తర్వాత చిక్కిపోతుంటే దూడకు మూడు నెలలు నిండకముందే పాలు మాన్పించి విడిగా మేపండి, తల్లి త్వరగా ఎదకు వస్తుంది. వాటి మీదకు దించే ఆబోతును మాత్రం మిల్క్ తక్కువున్నదాన్ని ఎంచుకోండి.