చిన్న చిప్పులో నెట్‌వర్క్ స్టాక్: అపోహలు - వాస్తవాలు

అపోహ: టీసీపీ/ఐపీ (ఇంటర్నెట్‌లో డేటా పంపుకునే నియమాలు) నడవాలంటే మెగాబైట్లలో మెమరీ ఉండాలి.

వాస్తవం: ఆడమ్ డంకెల్స్ రాసిన యూఐపీ అనే బుల్లి నెట్‌వర్క్ స్టాక్ (ఆ నియమాలను అమలుచేసే సాఫ్ట్‌వేర్) 2000ల మొదట్లోనే 8 బిట్ మైక్రోకంట్రోలర్ల మీద నడిచింది. కోడ్ కొన్ని కిలోబైట్లు, ర్యామ్ కొన్ని వందల బైట్ల నుంచి. కిటుకేమిటంటే, వచ్చే ప్యాకెట్టుకీ పోయే ప్యాకెట్టుకీ ఒకటే బఫర్ (డేటాని తాత్కాలికంగా ఉంచే ర్యామ్ చోటు). పంపినదానికి కాపీ కూడా దాచుకోదు. దారిలో పోతే, మళ్ళీ తయారుచేసి ఇమ్మని అప్లికేషన్‌నే అడుగుతుంది. ప్రోటోకాల్ కోడ్ ఫ్లాష్ మెమరీలో పడి ఉంటుంది, దాంతో పేచీ లేదు. ర్యామ్‌ని తినేది దారిలో ఉన్న డేటా.

అపోహ: ర్యామ్ తగ్గిస్తే పోయేదేముంది, కాస్త నెమ్మదిస్తుంది.

వాస్తవం: ఆ ‘కాస్త’ ఎంతో నాకు బాగా తెలిసొచ్చింది. ఒక బోర్డు నుంచి పీసీకి లాగ్ పంపిస్తుంటే సెకనుకు రెండున్నర కిలోబైట్లు దాటదే! రెండు రోజులు ఈథర్‌నెట్ డ్రైవర్‌ని అనుమానించాను, పాపం. చివరికి ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చేపోయే ప్యాకెట్ల రికార్డు) తీస్తే కనబడింది: మా సెగ్మెంట్ (టీసీపీ పంపే డేటా ముక్క) ఒకటి, 200 మిల్లీసెకన్ల మౌనం, అప్పుడు ఏక్ (అందిందనే జవాబు). మళ్ళీ అదే వరస. 536 బైట్ల చొప్పున సెకనుకు ఐదు, అంటే 2,680 బైట్లు. రెండో సెగ్మెంట్ వచ్చాక కలిపి ఏక్ ఇద్దామని పీసీ ఆగుతోంది. ఉన్నది ఒకటే బఫర్ కాబట్టి, ఏక్ వస్తేగానీ రెండోది పంపనని మా స్టాక్ కూర్చుంది. సెగ్మెంట్‌ని రెండు ముక్కలు చేసి వెంటవెంటనే పంపితే ఆ ఎదురుచూపులు పోయాయి. ర్యామ్ పెంచాల్సిన పనే పడలేదు.

అపోహ: విండో పెంచితే వేగం పెరుగుతుంది.

వాస్తవం: విండో అంటే ‘ఇంత పంపినా పట్టుకుంటాను’ అని అవతలివాళ్ళకి మనమిచ్చే మాట. నాలుగు బఫర్లు పెట్టుకుని ఎనిమిదింటికి మాటిస్తే, మిగతా నాలుగూ నేలపాలే. అవన్నీ మళ్ళీ రావాలి, ఉన్న వేగమూ పోతుంది. ఇంకో సంగతి: ఒక్కో బఫర్ 1,500 బైట్లయితే, 60 బైట్ల ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్‌కి హార్డ్‌వేర్ అడ్రస్ వెతికే) ప్యాకెట్ వచ్చినా ఒక బఫర్ మొత్తం దానికే పోతుంది. నేనైతే 256 బైట్ల చిన్న బఫర్లను గొలుసుకట్టుగా వాడతాను.

అపోహ: బఫర్లకు మాలక్ (అడిగినప్పుడల్లా మెమరీ ఇచ్చే ఫంక్షన్) చాలు.

వాస్తవం: బల్ల మీద పరీక్షించినంతసేపూ చాలు. వారాల తరబడి ఆగకుండా నడిచే పరికరంలో హీప్ (మాలక్ మెమరీ తీసిచ్చే చోటు) ముక్కలు ముక్కలవుతుంది. ఫిక్స్‌డ్ పూల్ (ముందే కేటాయించిన ఒకే సైజు బఫర్లు) పెట్టుకోండి.

అపోహ: టీసీపీ పట్టింది కదా, టీఎల్ఎస్ (డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే పొర) కూడా ఎలాగోలా పట్టేస్తుంది.

వాస్తవం: అసలు పేచీ ఇక్కడే. టీఎల్ఎస్ రికార్డు (ఒకేసారి ఎన్‌క్రిప్ట్ చేసే ముక్క) 16 కిలోబైట్ల దాకా ఉండొచ్చు. అది పూర్తిగా అందితేగానీ డేటా చెక్కుచెదరలేదని తేల్చలేం, కాబట్టి అంతసేపూ ర్యామ్‌లో ఉంచుకోవాల్సిందే. రెండు వైపులా అలా పెడితే 32 కిలోబైట్లు గోవిందా. రికార్డును 512 నుంచి 4,096 బైట్లలోపు ఉంచమని అడిగే ఎక్స్‌టెన్షన్ ఉంది గానీ, సర్వర్ దాన్ని పట్టించుకోకపోవచ్చు. పంపే వైపు ఎంత పంపాలో మన ఇష్టమే, ఆ బఫర్‌ని ధైర్యంగా 2 కిలోబైట్లకు దించేయండి. అందుకునే వైపు మాత్రం, మీరు మాట్లాడబోయే సర్వర్ ఆ ఎక్స్‌టెన్షన్‌కి ఒప్పుకుంటుందో లేదో హ్యాండ్‌షేక్‌లో (కనెక్షన్ మొదట్లో జరిగే సంప్రదింపుల్లో) చూసుకున్నాకే బఫర్ తగ్గించండి.