నెలలు నిండకముందే ఉమ్మనీరు పోతే యాంటీబయాటిక్ ఎప్పుడు? అపోహలు - వాస్తవాలు

అపోహ: జ్వరం లేదు కదా, వచ్చాక మందు వేసుకోవచ్చు.

ప్రసూతి వైద్యంలో నన్ను అన్నిటికంటే భయపెట్టే మాట ఇది. 37 వారాలు నిండకుండా, నొప్పులు మొదలవకుండా ఉమ్మనీటి సంచి చిట్లిందంటే కింది నుంచి బాక్టీరియా పైకి పాకడానికి దారి తెరుచుకున్నట్టే. కొన్నిసార్లు సంచి చిట్లడానికి కారణమే ఇన్ఫెక్షన్. తల్లికి జ్వరం తెలిసే సరికి అది బిడ్డ దాకా చేరి ఉండొచ్చు. అందుకే నిర్ధారణ కాగానే యాంటీబయాటిక్ మొదలుపెడతాం.

నిర్ధారణ మాత్రం తప్పనిసరి. బట్ట తడిసిన ప్రతిసారీ అది ఉమ్మనీరే కాదు, మూత్రమో తెల్లబట్టో కావచ్చు. స్పెక్యులమ్‌ (యోని లోపల చూడటానికి వాడే పరికరం)తో చూసి, కల్చర్‌కి, అంటే ఏ బాక్టీరియా ఉందో ల్యాబ్‌లో చూడటానికి, దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీసి, ఆ తర్వాత మొదటి డోసు ఇస్తాం. నొప్పులు లేనప్పుడు వేళ్లు పెట్టి పరీక్ష చేయకూడదు, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

అపోహ: మందు పడింది కాబట్టి కాన్పు ఆగిపోతుంది.

ఆగదు, కొన్ని రోజులు వెనక్కి జరగవచ్చు. ఆ రోజులే మాకు బంగారం. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పనిచేయడానికి సమయం దొరుకుతుంది.

అపోహ: ఎంత పవర్‌ఫుల్ మందైతే అంత మంచిది, కాన్పయ్యే దాకా వాడాలి.

2001లో వచ్చిన ఒరాకిల్ పరిశోధనలో అమాక్సిసిలిన్-క్లావులనేట్ వాడిన తల్లుల బిడ్డల్లో పేగులు కుళ్లే ప్రమాదకరమైన జబ్బు ఎక్కువగా కనిపించింది. అప్పటి నుంచి ఈ పరిస్థితిలో దానికి దూరంగా ఉంటున్నాం. ఒక పద్ధతిలో ఎరిత్రోమైసిన్ 250 మిల్లీగ్రాములు రోజుకు 4 సార్లు, 10 రోజులు. ఇంకో పద్ధతిలో 2 రోజులు ఇంజెక్షన్లు, 5 రోజులు మాత్రలు. కోర్సు అయ్యాక ఆపేస్తాం.

సంచి చిట్లకుండా నొప్పులు మాత్రమే ముందుగా వస్తే, ఇన్ఫెక్షన్ లక్షణాలు లేనప్పుడు, ఈ కోర్సు ఇవ్వకూడదు. ఒరాకిల్‌లో అలా మందు తీసుకున్న తల్లుల పిల్లలను 7 ఏళ్ల వయసులో చూస్తే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని శరీర కదలికలు సరిగా లేకపోవడం) కొంచెం ఎక్కువగా ఉంది.

కోర్సు నడుస్తుండగా జ్వరం, నీటికి దుర్వాసన, పొత్తికడుపు నొక్కితే నొప్పి, తల్లికో బిడ్డకో గుండె వేగం పెరగడం కనిపిస్తే వెంటనే చెప్పండి, రాత్రి ఎన్ని గంటలైనా సరే. అప్పుడు ఈ కోర్సు చాలదు. వేరే యాంటీబయాటిక్స్ రక్తనాళంలోకి ఎక్కించి, వారాల లెక్క చూడకుండా కాన్పు చేయాల్సి వస్తుంది.