హెడర్‌ను ఒక్కసారే అడగండి

పిల్లలూ,

మీరు ముగ్గురూ కలిసి చేస్తున్న లైబ్రరీ వెబ్‌సైట్ కోడ్ రాత్రి కూర్చుని చదివాను. పుస్తకాలు వెతికే పేజీ ఎవరు రాశారోగానీ చక్కగా ఉంది. నేను ఆగిపోయింది ఒక చిన్న ఫంక్షన్ దగ్గర. వచ్చిన పాఠకుడికి తెలుగు పేజీ చూపించాలా, ఇంగ్లిష్ పేజీ చూపించాలా అని తేల్చే ఫంక్షన్ అది. పేజీ అడుగుతూ బ్రౌజర్ పంపే వివరాల లైన్లే హెడర్లు. వచ్చిన హెడర్లన్నింటినీ లూప్‌లో తిప్పుతున్నారు, ప్రతి పేరునూ చిన్న అక్షరాల్లోకి మారుస్తున్నారు, పాఠకుడికి ఏ భాష కావాలో చెప్పే 'యాక్సెప్ట్-లాంగ్వేజ్' దొరికేదాకా పోలుస్తున్నారు. పైగా దాన్ని ఏడు చోట్ల పిలిచారు. ఒక్క పేజీ తెరుచుకునేలోపు ఏడుసార్లు అదే వెతుకులాట.

అసలు ఆ హెడర్లు మీ చేతికి ఎలా వస్తాయో చూడండి. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ. 1991 నాటి తొలి హెచ్‌టీటీపీలో హెడర్లే లేవు. 'గెట్' అనే మాట, పక్కన పేజీ దారి, అంతే. ఇప్పుడు బ్రౌజర్ ప్రతి రిక్వెస్ట్‌తోనూ పేరు, కోలన్, విలువ అనే వరసలో బోలెడు లైన్లు పంపుతుంది. ఆ లైన్లను విడదీసే పనిని, మీరు సైట్ కట్టిన పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో కంటే ముందు నిలబడ్డ సర్వర్ ఎప్పుడో పూర్తి చేసేసింది. విడదీసినవన్నీ 'రిక్వెస్ట్.మెటా' అనే డిక్షనరీలో ఉంటాయి. కాకపోతే పేర్లు మారిపోతాయి. హైఫన్లు అండర్‌స్కోర్లవుతాయి, అక్షరాలన్నీ పెద్దవవుతాయి, ముందు 'హెచ్‌టీటీపీ_' చేరుతుంది. సర్వర్ ప్రోగ్రాములను నడిపే పాత పద్ధతి సీజీఐ రోజుల నుంచి వస్తున్న అలవాటు ఇది. కంటెంట్-టైప్‌కూ కంటెంట్-లెంత్‌కూ మాత్రం ఆ ముందు మాట చేరదు. అది తెలియక తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

2019లో వచ్చిన జాంగో 2.2 నుంచి ఆ బాధ కూడా లేదు. 'రిక్వెస్ట్.హెడర్స్' అని ఉంది. మొదటిసారి అడిగినప్పుడు మెటాలోంచి తయారు చేసుకుని, ఆ రిక్వెస్ట్ ముగిసేదాకా అట్టే పెట్టుకుంటుంది. పేరును పెద్దక్షరాల్లో అడిగినా, చిన్నక్షరాల్లో అడిగినా ఇస్తుంది, ఎందుకంటే హెడర్ పేర్లకు ఆ తేడా లేదని హెచ్‌టీటీపీ నియమమే. (మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం గొడవ లేకపోవడం ఎంత సుఖమో కోడ్ రాసేటప్పుడే తెలుస్తుంది.) కాబట్టి మీ లూప్ చేస్తున్నది చెరిగిన బియ్యాన్ని మళ్లీ చేటలో పోసుకోవడమే.

దీనివల్ల సైట్ నెమ్మదిస్తుందా అని అడుగుతారు. నిజం చెప్పాలంటే, మీకు తెలిసేంత కాదు. ఇరవై పేర్లను పోల్చడానికి పట్టే సమయం ఒక్క డేటాబేస్ క్వెరీ ముందు లెక్కలోకి రాదు. నా టెన్షన్ వేరే. ఏడు చోట్ల చదివితే ఏడు చోట్లా ఒకేలా చదవాలి. మీ కోడ్‌లో ఇప్పటికే రెండు రకాలున్నాయి. ఒకచోట హెడర్ లేకపోతే ఇంగ్లిష్ అనుకున్నారు, ఇంకోచోట తెలుగు అనుకున్నారు. పైన మెనూ తెలుగులో, కింద పేజీ ఇంగ్లిష్‌లో వస్తోందని మీలో చిన్నోడు ఫోన్లో వాపోయింది దీని గురించే.

ఇంకో తప్పుంది. హెడర్ విలువలో తెలుగుకు గుర్తైన 'టీ-ఈ' అనే రెండక్షరాలు కనిపిస్తే చాలు, తెలుగు పేజీ ఇచ్చేస్తున్నారు. ఒక పాఠకురాలి బ్రౌజర్ ఇంగ్లిష్‌కు 0.9, తెలుగుకు 0.3 అని, ఏ భాష ఎంత ఇష్టమో చెప్పే 'క్యూ' విలువలు పంపిందనుకోండి. ఆవిడ ముందు కోరింది ఇంగ్లిష్. ఆ అంకెలు చూడకుండా అక్షరాలు మాత్రమే వెతికితే, అడిగినదొకటి, పెట్టేదొకటి అవుతుంది. 'క్యూ' సున్నా అయితే ఆ భాష వద్దే వద్దని అర్థం. దానికీ మీరు తెలుగే పెడతారు!

మరేం చేయాలి? గుమ్మం దగ్గరే ఒకసారి చదివి, భాష తేల్చేసి, ఆ ఫలితాన్ని రిక్వెస్ట్‌కు తగిలించి లోపలికి పంపాలి. రిక్వెస్ట్ మీ కోడ్‌కు చేరేలోపు దాటే మెట్లను జాంగోలో మిడిల్‌వేర్ అంటారు. వాటిలో 'లొకేల్ మిడిల్‌వేర్' చేసేది అదే. సెషన్ మిడిల్‌వేర్ తర్వాత, కామన్ మిడిల్‌వేర్ కంటే ముందు పెట్టండి. ఇంకో మేలు కూడా చేస్తుంది. జవాబులో 'వేరీ' అనే హెడర్‌లో యాక్సెప్ట్-లాంగ్వేజ్ పేరు చేరుస్తుంది. అది లేకపోతే పేజీలను దాచి ఉంచుకునే మధ్యలోని క్యాష్ ఒకరికిచ్చిన తెలుగు పేజీనే తర్వాత వచ్చిన అందరికీ పంచిపెడుతుంది.

ఆదా చేయడంలో కూడా పప్పులో కాలేయొచ్చు. యాక్సెప్ట్-లాంగ్వేజ్ విలువను మళ్లీ మళ్లీ విడదీయకుండా జాంగో ఆ ఫలితాలను మెమరీలో దాచుకుంటుంది. మంచి ఆలోచనే. కానీ ఎవరైనా కావాలని చాంతాడంత విలువలు పంపుతూ పోతే అవన్నీ మెమరీలో పేరుకుంటాయి. 2023 ఫిబ్రవరిలో దీన్ని భద్రతా లోపంగా ప్రకటించి సరిచేశారు. విడదీసే పొడవుకు 500 అక్షరాల హద్దు పెట్టారు. హెడర్ అంటే బయటివాడు రాసిన చీటీ. ఏముంటుందో, ఎంతుంటుందో మన చేతిలో లేదు.

పొడవు సంగతి వచ్చింది కాబట్టి నా సొంత నిర్వాకం ఒకటి చెప్తాను. ఒకప్పుడు నేను పనిచేసిన చోట కొందరు కస్టమర్లకు మాత్రమే సైట్ తెరుచుకునేది కాదు. మిగతా అందరికీ బాగానే ఉండేది. అప్లికేషన్ లాగ్‌లో ఒక్క ముక్క లేదు. రెండు రోజులు నిద్ర లేదు. ఇన్‌కాగ్నిటో విండోలో తెరిస్తే పనిచేస్తోందని ఒక కస్టమరే చెప్పాడు, అప్పుడు వెలిగింది. కొనబోయే వస్తువుల జాబితా మొత్తాన్ని నేను కుకీల్లో, అంటే సైట్ కోసం బ్రౌజర్ దాచుకునే చిన్న ముక్కల్లో, కుక్కాను. ఒక్కో కుకీ నాలుగు కేబీ దాకా ఉండొచ్చు. బ్రౌజర్ వాటన్నింటినీ కలిపి ఒకే హెడర్‌గా పంపుతుంది. ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో ఒక హెడర్ లైనుకు మామూలుగా ఉండే హద్దు ఎనిమిది కేబీ. ఎక్కువ సరుకులు ఎంచుకున్నవాళ్ల రిక్వెస్ట్ అక్కడే 400 ఎర్రర్‌తో వెనక్కి పోయేది, నా కోడ్ దాకా వచ్చేదే కాదు. అంటే ఎక్కువ కొనేవాళ్లనే తరిమేశానన్నమాట. జాబితాను డేటాబేస్‌లోకి మార్చి, కుకీలో ఒక చిన్న ఐడీ ఉంచాను.

మీ కోడ్‌లోనూ చదివిన పుస్తకాల వరస కుకీలో పెట్టడం చూశాను. అదీ తీసేయండి. ఆ ఏడు చోట్లా ఫంక్షన్ చెరిపేశాక, ఫోన్లో భాష మార్చి మార్చి చూసి నాకు కబురు పెట్టండి. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను.

మీ బాబాయ్