కాలేయం లోపలికి వేడి చేరిన దారి

వేడికి క్యాన్సర్ కణితి లొంగుతుందన్న సంగతి వైద్యులకు నూటయాభై ఏళ్లుగా తెలుసు. 1866లో జర్మన్ శస్త్రవైద్యుడు బుష్, ఎరిసిపెలాస్ అనే చర్మ ఇన్ఫెక్షన్ సోకి తీవ్ర జ్వరం వచ్చిన రోగికి ముఖం మీది సార్కోమా అనే క్యాన్సర్ కణితి తగ్గిపోవడం గమనించి రాశాడు. 1898లో స్వీడన్‌కు చెందిన వెస్టర్‌మార్క్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వేడినీరు పారే గొట్టపు చుట్టతో కాపడం పెట్టాడు. అయితే ఇవి రెండూ చేతికి అందే చోట ఉన్న కణితులు. కాలేయం వంటి అవయవానికి బయటి నుంచి వేడి పంపితే అది అక్కడికి చేరేలోపు చర్మం, కొవ్వు, కండరం కాలిపోతాయి.

ఈ చిక్కును దాటడానికి పరిశోధకులు వేర్వేరు దారులు వెతికారు. 1942లో అమెరికాలో లిన్, ఆయన సహచరులు అల్ట్రాసౌండ్ తరంగాలను ఒక బిందువు వద్ద కేంద్రీకరించి, ఆవు కాలేయపు ముక్కల లోపలి భాగం మాత్రమే వేడెక్కేలా చేయగలిగారు. 1957లో చికాగోలో గిల్‌క్రిస్ట్ బృందం కుక్కల లింఫ్ గ్రంథుల్లోకి సన్నని ఐరన్ ఆక్సైడ్ రేణువులను చేర్చి, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంతో వాటిని వేడెక్కించింది.

అసలు మలుపు 1990లో వచ్చింది. అమెరికాలో మెక్‌గహన్, ఇటలీలో రోస్సీ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, రేడియో తరంగాల విద్యుత్తును సూది ద్వారా జంతువుల కాలేయంలోకి పంపిన ఫలితాలను ప్రచురించారు. సూది కొన చుట్టూ ఉన్న కణజాలం 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే, ఉడికిన గుడ్డులోని తెల్లసొన మాదిరిగా, పాలిపోయి గట్టిపడుతుంది. వేడిని ఇంకా పెంచితే కాలిన ప్రాంతమూ పెరుగుతుందనుకోవడం సహజమే గానీ, జరిగేది వేరు: 100 డిగ్రీలు దాటితే సూదిని అంటుకున్న కణజాలం మాడి నల్లబడుతుంది, ఆ మాడు విద్యుత్తును ముందుకు పోనివ్వదు. అందుకే మామూలు సూదితో సుమారు 1.6 సెంటీమీటర్లకు మించిన వ్యాసంలో కణజాలాన్ని చంపడం సాధ్యపడలేదు. సూది లోపల చల్లని నీరు పారించడం, కొన నుంచి గొడుగు ఊచల్లా విచ్చుకునే తీగలు అమర్చడం ఆ తరువాత వచ్చిన ఉపాయాలు.

ఈ సూదులను బతికున్న పందుల మీద కూడా పరీక్షించారు. కోసి తెచ్చిన కాలేయం ముక్క మీద ఇన్ని పరీక్షలు చేయవచ్చు కదా, బతికున్న పంది ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ముక్కలో రక్తం పారదు. మత్తిచ్చిన పందిలో పెద్ద రక్తనాళం పక్కన సూది గుచ్చినప్పుడు, పారే రక్తం వేడిని లాక్కుపోవడంతో, నాళం అంచున కణాలు బతికి బయటపడ్డాయి. రక్తప్రవాహాన్ని కాసేపు ఆపినప్పుడు అదే సూది మరింత పెద్ద ప్రాంతాన్ని ఉడికించింది. పరీక్షలకు వాడిన ఆ ఆరోగ్యకరమైన పందుల్లో కణితి ఉండదు కాబట్టి, కుందేలు కాలేయంలో వీఎక్స్2 అనే కణితిని నాటి మరో రకం పరీక్షలు చేశారు.

ఈ జంతు నమూనాలకూ లోటు ఉంది. మనుషుల్లో కాలేయ క్యాన్సర్ ఎక్కువగా సిరోసిస్‌తో, అంటే మచ్చకణజాలం పేరుకుపోయే జబ్బుతో, బిగుసుకున్న కాలేయంలో పుడుతుంది. చుట్టూ ఉన్న ఆ గట్టి కణజాలం వేడిని కణితిలోనే పట్టి ఉంచుతుంది. పంది కాలేయం ఈ సంగతి చెప్పలేకపోయింది. రక్తనాళం గురించి అది చెప్పింది మాత్రం మనుషుల్లోనూ నిజమే అయింది: పెద్ద నాళాన్ని ఆనుకుని ఉన్న కణితులు ఈ రేడియో తరంగాల సూది చికిత్స తరువాత తిరిగి మొలిచే అవకాశం ఎక్కువ. అలాంటి చోట, రక్తప్రవాహం ప్రభావం కొంత తక్కువగా ఉండే, మైక్రోవేవ్ తరంగాలతో వేడి పుట్టించే సూదిని చాలామంది వైద్యులు ఎంచుకుంటున్నారు.